గంగమ్మకు కట్టిన పీఠం

"ఎంత ఎత్తు?"

శేషాచలం మూడోసారి అడిగాడు. చేతిలో కాఫీ లోటా అట్లాగే ఉంది. తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు.

అలివేలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఈ సంగతి ఆమె కావాలని దాచింది కాదు. అసలు ఇది దాచవలసినంత సంగతని ఆమెకు తెలిస్తే గదా! ఇందాక వంతెన పనిదగ్గరి కాపలావాడు నాగప్పన్ తడిసిన గొడుగుతో వచ్చి, "రాయి మీద నీళ్ళు ఆరడుగులు సార్" అని చెప్పి పోయాడు. వంటింట్లో నుంచి ఆమె, "ఆ రాయిని మేము ఎత్తి పెట్టినాం గదండీ, దాన్ని ఇంకా లెక్కకు వాడతా ఉండారా?" అంది. చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

అప్పటినుంచి ఆయన ముఖం చూడలేకపోతోంది.

"ఎంత ఎత్తని అడగతా ఉండా, అలివేలూ."

"మోకాలెత్తు."

"మోకాలంటే ఎవురి మోకాలు?"

అంత భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. పైటతో నోరు మూసుకుంది. "నాదే. నేను ఆడ నిలబడి ఇంతెత్తని చూపించినా. మేస్త్రి ఏళుమలై కట్టినాడు."

శేషాచలం లోటా కింద పెట్టి, మూలనున్న కొలబద్ద తెచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన భార్య కాళ్ళ దగ్గర కూర్చోవడం అదే మొదలు. కుచ్చెళ్ళ మీదనే బద్ద ఆనించి కొలిచాడు.

"అడుగున్నర," అన్నాడు. లేవలేదు.

ఓవర్సీరుగా ఆయనకు ఆ అడుగున్నర అంటే ఏమిటో తెలుసు. మద్రాసులో కూవం ఏటి మీది కుంపిణీ కాలపు వంతెనను సగం పడగొట్టి కొత్తది కడుతున్నారు. మిగిలిన సగం మీద బస్సులు, చేతిబండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి. ట్రాములు ఆగిపోయి రెండేళ్ళయినా వాటి పట్టాలు ఆ సగం మీద ఇంకా తుప్పుపట్టి ఉన్నాయి. పడగొట్టినవైపు కొత్త స్తంభానికి పునాది గుంట తవ్వాలి గనక, సవుకుకొయ్య గుంజలు పాతి, మట్టి పోసి, ఇసకమూటలు పేర్చి ఏటికి సగందాకా అడ్డకట్ట వేశారు.

ఎండాకాలంలో దానివల్ల ఎవరికీ నొప్పి లేదు. అక్టోబరులో ఐప్పసి నెల వానలకు ఏరు ఉబ్బితే మాత్రం, సగం దారిలో పోలేని నీళ్ళు వెనక్కి తన్ని గట్టు మీది గుడిసెల్లో దూరతాయి. అరవై గుడిసెలు. అందుకని ఇంజనీరు శంకరనారాయణ ఒక కట్టుబాటు పెట్టాడు. రాయి మీద నీళ్ళు ఎనిమిదో గీత తాకగానే కట్ట తెంచెయ్యాలి. తాకేవరకు దాని మీద పార పడకూడదు.

ఆ రాయి పాత వంతెన స్తంభంలో ఉండేది. నిలువెత్తు నల్లరాయి, దాని మీద ఏటి అడుగునుంచి లెక్కపెట్టి నాలుగునుంచి తొమ్మిదిదాకా అడుగుకొక గీత. స్తంభం పడగొట్టినప్పుడు శేషాచలమే దాన్ని ఊడదీయించి, మట్టసం చూసే గాజుగొట్టం పెట్టి, ఒక రోజంతా ఎండలో నిలబడి గట్టు దగ్గర పాతించాడు.

ఆయనకది కొలరాయి. గట్టు మీది జనానికి గంగమ్మ. తాతల నాటినుంచి పసుపు పూసి, బొట్టు పెట్టి, ఆషాఢంలో వచ్చే ఆడి నెలలో అంబలి పోసే తల్లి.

"బురదలో ఉండిందండీ," అంది అలివేలు. "కుక్కలు పోతా ఉండె, జనాలు తొక్కతా ఉండిరి. పాప అప్పుడు టైఫాయిడుతో కండ్లు తెరవకుండా పడుండాది. మొక్కుకున్నా. పాప లేచి కూర్చుంటే నీకు పీఠం కట్టిస్తానని."

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"మీరు లీవు పెట్టి పాప మంచం ఇడవకుండా కూర్చోనుంటిరి. అప్పుడు రాయి సంగతి మీతో మాట్లాడేదా?"

"తర్వాత చెప్పొచ్చు గదా! పదిహేడేండ్ల సర్వీసు నాది. ఒక్క పీఠంతో పోయె!"

"మీరు దినామూ ఆడికే గదా పోతా ఉండారు," అంది అలివేలు. ఆమెకూ గొంతు లేచింది. "మీ కండ్లకు కనిపించలేదా?"

శేషాచలానికి కనిపించలేదు. ఆయన లీవునుంచి తిరిగి పనిలోకి వచ్చేటప్పటికి గుంట తవ్విన మట్టిని గట్టు మీదనే పోసి చదును చేశారు. పీఠం ఆ మట్టిలో కలిసిపోయింది. రాయి ముందెట్లా నేలనుంచి లేచి ఉండేదో అట్లాగే కనిపించింది. తాను పాతిన రాయే గదా అని మళ్ళీ కొలవలేదు. మళ్ళీ కొలవని మొగుడు, చెప్పకుండా మొక్కు తీర్చిన పెళ్ళాం. ఎవరిని ఎవరు అనాలి?

లోపలినుంచి బాలసరస్వతి వచ్చి నిలబడింది. పన్నెండేళ్ళ పిల్ల, జ్వరానికి రాలిన జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. "అప్పా, ఎల్లాం ఎన్నాలదానా?" అంది. ఇంట్లో తెలుగు, నోట్లో అరవం. ఇదంతా తనవల్లేనా అని అడుగుతోంది.

శేషాచలానికి కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "లేదు కన్నా," అన్నాడు. "నువ్వు లేచి కూర్చున్నావు గదా. నాకు అంతకన్న ఏమొద్దు."

చొక్కా తొడుక్కుంటూ ఆయన గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆరూ, అడుగున్నరా. ఏడున్నర. ఇంకా అర్ధడుగు ఉండాది. రాయి ఆరే చూపిస్తాది, తెంచాలంటే ఇంజనీరు ఆర్డరు కావాల, పోయి పట్టుకొస్తా." సైకిలు చేతిలోకి తీసుకున్నాక మళ్ళీ అన్నాడు. "నువ్వా మాట అనకపోయి ఉంటే, ఆరే గదా అని మధ్యాన్నం అన్నం తిని కునుకు తీసేవాణ్ణి. చెప్పినావు. అదే పదివేలు."

"నేను గట్టుకాడికి పోతా. మునియక్కవాళ్ళకు చెప్పాల."

"తిడతారు అలివేలూ."

"తిట్టనీండి. తిట్టల్సిన పనే గదా చేసింది."

వాన సన్నగా పడుతోంది. చింతాద్రిపేట సందులన్నీ దాటి గట్టెక్కేసరికి అలివేలుకు ఏరు కనిపించింది. రోజూ ముక్కు మూసుకుని దాటే మురికి కూవం కాదది. ఎర్రటి నీళ్ళు వంతెన సగందగ్గర ఇరుక్కుని, సుళ్ళు తిరుగుతూ, గుడిసెలవైపు నాలుక చాస్తున్నాయి.

మునియక్క చూరు కింద పొయ్యి రాజేస్తోంది. పక్కనే ఆమె పెనిమిటి ఏళుమలై, అడ్డకట్ట మేస్త్రి, బీడీ ఆరిపోయిందని తిట్టుకుంటున్నాడు. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"ఏమ్మా, వానలో వచ్చినావు? పాప బాగుండాదా?" అంది మునియక్క.

పాపకు జ్వరంగా ఉన్న ఇరవై ఒక్క రోజులూ ఈ మనిషి తెల్లవారకముందే వేపాకు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. అట్లాంటి మనిషి ఇంటికి వరద నీళ్ళు తెచ్చి పెట్టాను గదా అనుకుంది అలివేలు.

మొత్తం చెప్పేసింది. రాయి ఎందుకు పాతారో, ఎత్తితే ఏమయిందో, ఆరంటే ఆరు కాదని, ఏడున్నరని. "నాది తప్పు మునియక్కా. తెలీక చేసినా. మీరు నన్నేమన్నా నేను పడతా," అంది.

మునియక్క పొయ్యిలో పుల్ల సర్దింది. ఏళుమలై తల దించుకున్నాడు. పక్క గుడిసెల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎవరూ మాట్లాడరు. తిట్టినా బాగుండును అనిపించింది అలివేలుకు.

"ఈడ పుట్టి పెరిగినా నేను," అంది చివరికి మునియక్క. "యాభై ఏండ్లొచ్చె. నీళ్ళొస్తాయని మా ఇండ్లకు నడిచొచ్చి చెప్పినోళ్ళు ఒగురూ లేరమ్మా. నీళ్ళే వచ్చి చెప్పతా ఉండె. నువ్వు చెప్పులు చేత పట్టుకోని వచ్చినావు చూడు, నీ కడుపు చల్లగుండాల."

అలివేలు కండ్లు తుడుచుకుంది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషికి దీవెన దొరికితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"అది సరేమ్మా," అంది మునియక్క మళ్ళీ. "అయ్యకు ఎంతెత్తని చెప్పినావు?"

"మోకాలెత్తు. అడుగున్నర."

మునియక్క మొగుడివైపు చూసింది. ఏళుమలై ఆమెవైపు చూశాడు.

"రెండోసారి ఎత్తింది చెప్పలేదా?" అంది మునియక్క.

"రెండోసారా?"

"ఆమా. నీకు తెలీదా? పాప లేచి నడిచె గదా, ఆ వచ్చిన శుక్కురవారం. గంగమ్మకు కొత్త చీర తెచ్చినాం. కడితే కింద కుచ్చెళ్ళకు చోటు చాల్లే. చీర మట్టిలో ఈడస్తా ఉండె. మీ పాప లేచిన సంతోషంలో మా అమ్మకు మట్టంటిన చీరనా అని ఈయన ఇంకో నాలుగు వరసలు ఇటిక ఏసినాడు."

"నాలుగు వరసలంటే ఎంత?"

"అడుగమ్మా," అన్నాడు ఏళుమలై. తప్పు చేసిన బడిపిల్లవాడిలా అన్నాడు.

అలివేలు రాయి దగ్గరికి పరుగెత్తింది. పసుపు నీళ్ళలో కరిగిపోతోంది. ఆరో గీత మునిగింది. వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ఆరు, దాని మీద అడుగున్నర, దాని మీద ఇంకో అడుగు. ఎనిమిదిన్నర. తెంచవలసిన గీత ఎప్పుడో దాటిపోయింది. ఆయనేమో ఇంకా అర్ధడుగు ఉందనుకుని, ఇంజనీరు గది ముందు బెంచీ మీద కూర్చుని ఉంటాడు.

"నీళ్ళొచ్చినాయి!" అని దిగువ గుడిసెలో పొన్నుతాయి కేకేసింది. కేక వెనకనే పొయ్యి ఆరిన పొగ.

"కట్ట తెంచు ఏళుమలై," అంది అలివేలు.

"ఓవర్సీరయ్య నోటిమాట లేకుండా తెంచేది ఎట్లమ్మా? అరవై మంది కట్టిన కట్ట. గుంట నిండిపోతాది. మూడు నెలల తవ్వకం పాయె. రేపు నన్నడగతారు."

"నేను చెప్తా ఉండా."

"మీరు ఓవర్సీరు కాదు గదమ్మా."

"కాదు," అంది అలివేలు. "రాయిని ఎత్తమన్న దినం నేను ఓవర్సీరునా? అప్పుడు చెప్పంగానే ఎత్తినావే! తప్పు చెప్తే వింటివి, ఇప్పుడు సరైంది చెప్తే వినవా?"

ఏళుమలై పార భుజాన వేసుకుని కట్టవైపు నడిచాడు.

కట్ట కట్టినవాడికే తెంచడం తెలుసు. మొదట దిగువ వైపు గుంజలు రెండు ఊడదీయించాడు. నడుమ ఒక చోట మూరెడు వెడల్పున పైమట్టి తీయించాడు. ఇసకమూటలు చేయి మారి చేయికి వచ్చాయి. ఆ వరసలో అలివేలూ నిలబడింది. మునియక్క ఎంత వద్దన్నా వినలేదు. నీళ్ళు ముందు వేలంత సన్నగా జారాయి. తర్వాత చేయంత. తర్వాత ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. "ఎక్కండి, గట్టెక్కండి!" అని ఏళుమలై అరిచాడు. అందరూ ఎక్కగానే కట్ట నడుము విరిగి ఏరు గుంటలోకి దూకింది.

గుంట నిండింది. ఏళుమలై తల మీద చేయి పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. తాను తవ్వించిన గుంట మరి.

పొన్నుతాయి గుడిసె గుమ్మంలో నీళ్ళు ముందు ఆగాయి. కాసేపటికి గోడ మీద తడి మిగిల్చి వెనక్కి తగ్గాయి. అది చూసి ముసలీ ముతకా అందరూ రాయివైపు తిరిగి దండం పెట్టారు. మునియక్క మాత్రం బెల్లం కాఫీ లోటా తెచ్చి అలివేలు చేతిలో పెట్టింది.

"నన్ను ఒక్క మాట అనకపోతిరే," అంది అలివేలు. ఈసారి ఏడుపు ఆపుకోలేదు.

"తాగమ్మా. చల్లారతాది," అంది మునియక్క.

ఆ కాఫీ సగంలో ఉండగానే జీపు వచ్చింది.

ముందు ఇంజనీరు శంకరనారాయణ దిగాడు. వెనక శేషాచలం. ఆయన చేతిలో కాగితం ఉంది. తాను వచ్చి చూసేవరకు కట్ట మీద చేయి వెయ్యవద్దని ఇంజనీరు రాసిచ్చిన కాగితం. ఇద్దరూ తెగిన కట్టను చూశారు, నిండిన గుంటను చూశారు.

"ఎవరు తెంచమన్నారు?" అన్నాడు శంకరనారాయణ. అరవలేదు. అరిస్తేనే నయం.

శేషాచలం భార్య చేతుల బురద చూశాడు. "నేనే సార్. పొద్దున్నే చెప్పిపెట్టి వచ్చినా."

అలివేలుకు ఆయన మీద ప్రేమ పొంగింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. ఆ మనిషి పుట్టి ఇన్నేళ్ళకు మొదటి అబద్ధం ఆడాడు, అదీ ఇంజనీరు ముందర!

"ఆయన కాదండీ," అంది ముందుకు వచ్చి. "తెంచమన్నది నేను. రాయిని ఎత్తించిందీ నేనే. ఆయనకు పొద్దునదాకా తెలీదు. అడుగున్నర అనుకున్నాం. అడుగున్నర కాదు, రెండున్నర. నీళ్ళు ఎనిమిది దాటిపోయినాయి. ఇంకా ఆర్డరు కోసం కూర్చోనుంటే ఈ ఇండ్లుండవు."

శంకరనారాయణ ఆమెనే చూస్తున్నాడు. "రెండున్నరా? ఎప్పట్నుంచి?"

"ఆడి ఆఖరునుంచి."

ఇంజనీరు ముఖం పాలిపోయింది. గిరుక్కున శేషాచలంవైపు తిరిగాడు. "గుంట తవ్వడం ఎప్పుడు మొదలుపెట్టాం?"

"ఆడి దాటినాక, ఆవణి నెలలో సార్."

"లోతు ఎక్కడినుంచి కొలిచాం?"

శేషాచలం రాయివైపు చెయ్యి చూపించాడు. "రాయి అడుగు గీతనుంచి సార్." ఆ మాట నోటినుంచి వచ్చాకే ఆయనకూ అర్థమైంది. రాయి రెండున్నర అడుగులు పైకి పోతే, దాన్నుంచి కిందికి కొలిచిన గుంట రెండున్నర అడుగుల లోతు తక్కువైంది.

"సోమవారం సిమెంటు వస్తోంది," అన్నాడు శంకరనారాయణ, ఎవరితోనో కాదు, తనతోనే. "సోమవారం పోసేసేవాళ్ళం. గట్టినేల అందకుండానే స్తంభం లేచేది. దాని మీద బస్సులు..."

నిండిన గుంటవైపు తిరిగి చాలాసేపు చూశాడు. మళ్ళీ ఇటు తిరిగి, ఆ వానలో, అంత మంది ఎదుట, అలివేలుకు చేతులు జోడించాడు.

"రాయి మీద చెయ్యి పెట్టినందుకు మిమ్మల్ని తిట్టాలి అమ్మా. దాచకుండా చెప్పినందుకు జన్మంతా మీ పేరు తలుచుకోవాలి. ఈ నీళ్ళు తోడి, మళ్ళీ తవ్వుకుందాం. మనుషులు మిగిలారు, వంతెన మిగిలింది."

శేషాచలం కండ్లు తడిగా ఉన్నాయి. వాననీళ్ళని చెప్పుకోవడానికి వీలుగా వాన ఇంకా పడుతూనే ఉంది. అలివేలు పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇంటి బయట, పదిమందిలో, అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ నిలబడలేదు.

శంకరనారాయణ జీపు ముందు పలక మీద కాగితం పెట్టి కలం తీశాడు. "లోతు మార్చాలంటే కారణం పైకి రాయాలి. రేపు నలుగురు వచ్చి అడుగుతారు. రాయిని తెలియక కదిలించానని మీరు సంతకం పెడితే, శేషాచలం తప్పు చూసుకోకపోవడం వరకే. ఉద్యోగానికి ముప్పు రాకుండా నేను చూడగలను."

"ఇవ్వండి," అంది అలివేలు. చేతి బురద కొంగుకు తుడుచుకుంది.

"వద్దు అలివేలూ. ఆఫీసు కాగితంలో నీ పేరెందుకు?" అన్నాడు శేషాచలం.

"పాప కోసం మీరు ఇరవై ఒక్క దినాలు నిద్ర లేకుండా కూర్చున్నారు. నేను ఒక సంతకం పెట్టలేనా?" ఆమె కలం అందుకుంది. ఇంతసేపటికి గుండె తేలికైంది. మొక్కు ఇప్పుడు తీరినట్టనిపించింది.

"ఒక్క సంగతి మిగిలింది," అన్నాడు శంకరనారాయణ. "మీరు ఎత్తమన్నారు, సరే. కట్టిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. బయటి మేస్త్రి అయితే గొడవ లేదు. మా కూలీల హాజరుపట్టీ, మస్టరులో పేరున్నవాడు ఆఫీసు రాయిని కదిలిస్తే మాత్రం సాయంత్రానికి పేరు కొట్టేస్తారు, మళ్ళీ ఏ పనిలోనూ చేర్చుకోరు. అది నేను ఆపలేను. చెప్పండి అమ్మా, పీఠం కట్టింది ఎవరు?"

కట్ట అంచున ఏళుమలై పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. మునియక్క అతని చేయి గట్టిగా పట్టుకుంది.

పొద్దున్నుంచి ఎవరు అడిగినా నిజమే చెప్పిన అలివేలుకు ఇప్పుడు నోరు పెగలలేదు.